గాజు పగిలి తిరిగొచ్చిన బొమ్మ

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. కాకినాడలో ఉంటాం, చిన్న ఉద్యోగం. పిల్లలిద్దరూ చదువులకని బయటికెళ్లాక, చిన్నప్పుడు వదిలేసిన వాటర్ కలర్స్ మళ్లీ మొదలుపెట్టాను. అంతా యూట్యూబ్ చూసి నేర్చుకున్నదే. ఎవరో చెబితే పోటీలకు పంపడం మొదలైంది. రెండేళ్లలో పదకొండు పోటీలు. ఆన్‌లైన్ వాటిలో నాలుగు సర్టిఫికెట్లు వచ్చాయి. ఒకదాంట్లో ‘అంతర్జాతీయ గోల్డ్ మెడల్’ అన్నారు, మెడల్ పంపడానికి 1,800 కట్టమంటే కట్టాను. గోడకు తగిలించే అసలైన ఎగ్జిబిషన్లు మూడింటికి పంపితే మూడూ తిప్పి పంపారు. చివరిది మొన్న కొరియర్‌లో గాజు పగిలి వచ్చింది. బొమ్మ అడుగు భాగంలో గీత కూడా పడింది. నేను అమెచ్యూర్‌నే కదా, కాలేజీలో నేర్చుకున్నవాళ్లతో పోటీ ఏమిటని ఒకపక్క అనిపిస్తుంది. ఆఫీసులో ‘ఈసారైనా ప్రైజ్ వచ్చిందా’ అని అడుగుతారు. ఇప్పుడు బ్రష్ పట్టుకుంటే ‘ఇది సెలక్ట్ అవుతుందా’ అన్న టెన్షన్ తప్ప ఇంకేం ఉండట్లేదు. మానేయనా? (పేరు వేయొద్దని కోరిన పాఠకురాలు)

సమాధానం:

అమ్మా,

ఉత్తరంతో పాటు మూడు బొమ్మల ఫొటోలు పంపారు. ధ్యానంలో ఉన్న బుద్ధుడు, కేరళ హౌస్‌బోటు, జగన్నాథపురం వంతెన దగ్గర బోటుకు రంగు వేస్తున్న మనిషి. గాజు పగిలింది ఈ మూడోదానికేనన్నారు. మానేయాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం, ముందు ఈ బొమ్మ గురించి మాట్లాడతాను. పదకొండు పోటీలకు పంపినా మీ బొమ్మ గురించి ఒక్క మాటైనా మీకెవరూ చెప్పినట్టు లేదు.

బోటు అంచున ఎర్రరంగు కిందికి కారిన చోటు చూడండి. కింద వేసిన గోధుమరంగు పూర్తిగా ఆరకముందే ఎరుపు తాకించి, ఇక ముట్టుకోకుండా వదిలేశారు. అది దానంతటదే కాస్త పాకి ఆగిపోయింది. వాటర్ కలర్‌లో అలా వదిలేయడం చేతకావడానికి చాలామందికి ఏళ్లు పడుతుంది. ఆ మనిషి మోచేయి కూడా బాగా కుదిరింది. పట్టుకున్న డబ్బా బరువు భుజం దాకా తెలుస్తోంది. ఇక ఆకాశం. దాన్ని మీరు కనీసం మూడుసార్లు దిద్దారు. మొదటి వాష్ (నీళ్లతో పలచగా పరిచే రంగు పూత) నచ్చలేదు, దానిమీద ఇంకోటి వేశారు, అదీ సగం ఆరాక మేఘాల కోసం తెల్లరంగు పట్టుకున్నారు. అంతా బురదైంది. ఆ బురద బోటు మీది ఎరుపును కూడా తినేసింది. పది అడుగుల దూరంలో నిలబడి చూడండి, ముందు కంటికి తగిలేది ఆకాశమే. రంగు వేసే మనిషి ఎక్కడో ఉంటాడు.

తప్పు పూర్తిగా మీది కాదు, పేపర్‌ది కూడా. ఫొటోలో అంచులు ఉబ్బినట్టు కనిపిస్తున్నాయి. పలచటి పేపర్ రెండో వాష్‌కే చేతులెత్తేస్తుంది. 300 జీఎస్ఎమ్ కాటన్ పేపర్, అంటే మందపాటిది, అయితే వేసిన రంగును తడి బ్రష్‌తో మళ్లీ కొంత పైకి లాగొచ్చు. ఖరీదు ఎక్కువే. కానీ ఒక పోటీకి ఫీజు, ఫ్రేమ్, రానూపోనూ కొరియర్ కలిపి మీరు పెట్టిన ఖర్చుతో అలాంటి షీట్లు కొన్ని వస్తాయి. ఒక పోటీ మానేసి ఆ డబ్బుతో పేపర్ కొనండి.

ఇవన్నీ చెప్పడానికి నేనెవరినంటే, జిల్లా పరిషత్ స్కూల్లో డ్రాయింగ్ మాస్టారిగా చేసి రిటైరైనవాణ్ని. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై ఉద్యోగంలో చేరాను తప్ప ఫైన్ ఆర్ట్స్ కాలేజీ గడప తొక్కలేదు. పోటీలకు మీకంటే ఎక్కువే పంపాను, మీకంటే ఎక్కువే తిరిగొచ్చాయి. ఒకే సంస్థకు ఏడేళ్లు వరసగా పంపితే ఏడుసార్లూ తిప్పి పంపారు. ఎనిమిదో ఏడు తీసుకున్నారు. మా ఆవిడ పాయసం చేసింది. తీరా చూస్తే ఆ ఎనిమిదో బొమ్మ అంతకుముందుదాని కంటే గొప్పదేం కాదు, ఆ ఏడు జ్యూరీ మారింది.

జ్యూరీ అంటే ఏమిటో కూడా ఒకసారి దగ్గర్నుంచి చూశాను. జిల్లా స్థాయి పోటీకి జడ్జిగా పిలిచారు. కల్యాణ మండపం నేల మీద 400 బొమ్మలు పరిచారు. మేం ముగ్గురం. భోజనాల వేళకు తేల్చేయాలన్నారు. చేతిలో ఉన్నది మూడు గంటలు, అంటే బొమ్మకు 27 సెకన్లు. నిజానికి మొదటి రౌండ్లో అంత కూడా ఇవ్వలేదు. నడుచుకుంటూ పోతూ వేలితో చూపించడమే, ఇది ఉంచు, అది తియ్యి అని. బుద్ధుళ్లు ఇరవైమంది దాకా ఉన్నారు. అద్దాల రవికెల లంబాడీ స్త్రీలు, చార్మినార్ వెనక అస్తమించే సూర్యుడు, తలపాగా రైతు కూడా తక్కువేం లేరు. ముడతల ముఖంతో చుట్ట తాగే ముసలాయన మూడుచోట్ల కనిపించాడు. మూడుచోట్లా అదే ముసలాయన, అదే పొగ, అదే వంపు. ముగ్గురు మనుషులు ఫోన్‌లో ఒకే ఫొటో చూసి వేశారన్నమాట. ముగ్గురూ చక్కగానే వేశారు. మూడూ పక్కకు పోయాయి.

అలా పోతూపోతూ ఒక చిన్న బొమ్మ దగ్గర ఆగాను. మునిసిపల్ కుళాయి ముందు బిందెల వరస. ఒక్క మనిషి లేడు, మనుషుల బదులు బిందెలే క్యూలో నిలబడ్డాయి. ఒక స్టీలు బిందెకు పొట్ట దగ్గర సొట్ట ఉంది, ఆ సొట్టలో ఆకాశం వంకరగా కనిపిస్తోంది. నేను పదికి తొమ్మిది వేశాను. రెండో జడ్జి కూడా తొమ్మిదే వేశారు. మూడో ఆయన మూడు వేశారు, పర్స్‌పెక్టివ్ (దూరం దగ్గరల లెక్క) తప్పని. ఆయన అన్నది నిజమే, తప్పే. మొత్తం 21. పక్కన గోదావరి గట్టు మీద సాయంత్రం అని ఒక బొమ్మ ఉంది. దానికి 8, 7, 7 వచ్చాయి. మొత్తం 22. ఫస్ట్ ప్రైజ్ గట్టుకు పోయింది. మా ఇద్దరికీ బిందెలంటే ఇష్టం, మూడో ఆయన మనసు ఇంకేదో గుర్రాల బొమ్మ మీద ఉంది. అంటే ఫస్ట్ వచ్చిన బొమ్మ మా ముగ్గురిలో ఒక్కరికీ ఫస్ట్ కాదు. ఎవరికీ అభ్యంతరం లేని బొమ్మ గెలిచింది. మార్కులు కూడి తేల్చే ప్రతి చోటా ఇలా జరిగే వీలుంది.

మీ బోటు బొమ్మ ఆ మండపంలో ఉంటే మొదటి రౌండ్లో ఉంచేవాణ్ని. రెండో రౌండ్లో ఆకాశం చూసి వదిలేసేవాణ్ని. హౌస్‌బోటు మొదటి రౌండ్లోనే పోయేది. బుద్ధుడి గురించి అడక్కండి.

ఈ లెక్క చెప్పింది జ్యూరీలను తిట్టడానికి కాదు. మీ బొమ్మ ఎలా ఉందని మీరు అడుగుతున్నారు. వాళ్లు మాత్రం ఈ గోడకు, ఈ ఏడాదికి, మిగతా బొమ్మల పక్కన ఏది పెట్టాలన్నది తేలుస్తున్నారు. మీ ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు ఉండదు. ఆకాశం వల్ల పోయిందా, అప్పటికే నాలుగు బోట్లు సెలక్టయ్యాయా, గోడ మీద చోటు చాల్లేదా అన్నది ఆ తిరుగు కాగితంలో రాయరు.

చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1935లో సిమ్లాలో జరిగే ప్రదర్శనకు పది బొమ్మలు పంపితే ఐదింటిని వద్దన్నారు. తీసుకున్న ఐదింటిలో ఒకదానికి ప్రైజ్ ఇచ్చారు. ఆవిడకు ఒళ్లు మండి ఆ ప్రైజ్ వెనక్కి పంపేసింది. రెండేళ్లు తిరక్కుండా బాంబే ఆర్ట్ సొసైటీ ఆవిడ వేసిన ముగ్గురు అమ్మాయిల బొమ్మకు గోల్డ్ మెడల్ ఇచ్చింది. ఆవిడ అప్పటికే ప్యారిస్ సలోన్ అనే పెద్ద ప్రదర్శనలో మెప్పు పొంది వచ్చిన మనిషి కాబట్టి ఆ పౌరుషం చెల్లింది. నేనైతే ఆ డబ్బుతో రంగులు కొనుక్కుని ఊరుకునేవాణ్ని.

ఇక మీ గోల్డ్ మెడల్. పోయిన 1,800 గురించి బాధపడకండి, చాలామంది కట్టారు. ఎంట్రీ ఫీజు ఉన్నంత మాత్రాన మోసం కాదు. లండన్‌లో రాయల్ అకాడమీ 1769 నుంచి ఏటా నడుపుతున్న సమ్మర్ ఎగ్జిబిషన్‌కు ఎవరైనా బొమ్మ పంపొచ్చు, దానికీ ఫీజు ఉంది. బొమ్మలు చూడాలన్నా, హాలు అద్దె కట్టాలన్నా డబ్బు కావాలి కదా. కానీ గెలిచారని చెప్పాక మెడల్‌కు, సర్టిఫికెట్ ప్రింటుకు, ‘ప్రపంచ కళాకారుల పుస్తకం’లో పేజీకి మళ్లీ అడిగితే అది పోటీ కాదు, అమ్మకం. అక్కడ మీరు కళాకారిణి కాదు, కస్టమర్. పంపేముందు కొన్ని అడిగి చూడండి. జడ్జిలెవరు? పోయినేడు గెలిచిన బొమ్మలు ఎక్కడ చూడొచ్చు? సెలక్టయినవి ఏ ఊళ్లో, ఏ హాల్లో, ఎన్ని రోజులు పెడతారు? ఫోన్ ఎత్తి సూటిగా చెప్పేవాళ్లకు పంపండి. ‘అందరికీ సర్టిఫికెట్ గ్యారంటీ’ అని ముందే రాసినవాళ్లకు వద్దు.

రూల్స్ కాగితంలో చివరి పేరా తప్పకుండా చదవండి. ‘పంపిన బొమ్మల మీద సర్వహక్కులూ నిర్వాహకులవే’ అన్న వాక్యం అక్కడ దాక్కుని ఉంటుంది. క్యాటలాగ్‌లోనూ, పోస్టర్ మీదా వేసుకుంటామంటే సరే. సర్వహక్కులు అంటే క్యాలెండర్లు, కాఫీ కప్పులు కూడా. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ వేసినవాళ్లే దానికి మొదటి హక్కుదారు. హక్కులు ఇంకొకరికి రాసివ్వాలంటే సంతకంతో కాగితం ఉండాలి. ఎంతకాలమో అందులో రాయకపోతే ఐదేళ్లుగా లెక్కిస్తారు. కాబట్టి సంతకం పెట్టే ఫారం ఏదైనా నిదానంగా చదివాకే పెట్టండి.

ఇదే చట్టం అటు తిరిగి మీ హౌస్‌బోటు మీదికి కూడా వస్తుంది. మీరు చూసి వేసిన ఆ ఫొటో తీసినవాళ్లు ఎవరో ఉంటారు, దాని మీద హక్కు వాళ్లది. ఇంట్లో సాధనకు వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. ‘సొంత రచన’ అని ఫారంలో సంతకం పెట్టి పోటీకి పంపితే అది వేరే సంగతి. ఇప్పుడు ఫోన్‌లో బొమ్మ పెట్టి వెతికితే అసలు ఫొటో క్షణంలో దొరుకుతుంది. నేను చెప్పిన చుట్ట ముసలాయన అలాగే దొరికిపోయాడు. బోటు బొమ్మ మీరు అక్కడే నిలబడి స్కెచ్ వేసుకుని వచ్చి వేసిందని రాశారు. కారిన ఎరుపు అందుకే అంత బాగా పడింది.

అమెచ్యూర్ అన్నారు కదా, ఒక తమాషా చెబుతాను. ఒకప్పుడు ఒలింపిక్స్‌లో బొమ్మలకు కూడా పతకాలుండేవి. 1912 నుంచి 1948 దాకా పెయింటింగ్, శిల్పం, సంగీతం, సాహిత్యం, ఆర్కిటెక్చర్, అన్నిటికీ ఇచ్చారు. 1948లో లండన్‌లో రజతం అందుకున్న జాన్ కోప్లీకి అప్పటికి 73 ఏళ్లు. తర్వాత ఆ పోటీలు ఎత్తేశారు. ఎందుకనుకున్నారు? ఒలింపిక్స్ అమెచ్యూర్లకు, బొమ్మలు పంపేవాళ్లేమో వాటిమీదే బతికే ప్రొఫెషనల్స్ అని. అమెచ్యూర్ కాకపోవడమే అక్కడ అనర్హత అయింది. మీకు ఆ మాట ఎందుకంత చిన్నతనంగా ఉందో నాకు అర్థం కాదు. నెలాఖరుకు ఈ బొమ్మ అమ్ముడుపోవాలన్న గోల లేకుండా ఆదివారం మూడు గంటలు ఒక మోచేయి మీద కూర్చోగలరు. కాలేజీలో నేర్చుకుని పెళ్లి స్టేజీల డిజైన్లు వేసుకుని బతుకుతున్న మా శిష్యుడొకడు ఆ మూడు గంటల కోసం ఏడుస్తాడు.

కాబట్టి బొమ్మలు మానేయొద్దు. పోటీలు కూడా పూర్తిగా మానేయొద్దు. పదకొండును మూడు చేయండి. ఏడాదికి మూడు, అవి కూడా గోడకు తగిలించేవే. ఆన్‌లైన్ సర్టిఫికెట్లవి అన్నీ ఆపేయండి. ఎంట్రీ ప్రకటన చూశాక బొమ్మ మొదలుపెట్టొద్దు. మీ పాటికి మీరు వేసుకుంటూ పోండి, గడువు దగ్గరపడ్డాక ఉన్నవాటిలోంచి ఒకటి తీసి పంపండి. ‘ఇది సెలక్ట్ అవుతుందా’ అన్న టెన్షన్ బ్రష్ దగ్గర్నుంచి కవరు దగ్గరికి వెళ్లిపోతుంది. నాకు ఇది పనిచేసింది. మీకు వెంటనే పనిచేయకపోవచ్చు, రెండు మూడు నెలలు చూడండి.

ఇంకోటి, బహుశా అన్నిటికంటే ముఖ్యమైనది. తిప్పి పంపిన ఎగ్జిబిషన్‌కు వెళ్లండి. నేను మొదటి నాలుగేళ్లూ వెళ్లలేదు, రోషం. ఐదో ఏడు పని మీద ఆ ఊరు వెళ్లి, వాన వస్తే తలదాచుకోవడానికి లోపలికెళ్లాను. గోడ మీద నా బొమ్మ సైజులోనే ఒక వాటర్ కలర్ ఉంది. తాటితోపు. హాలు అటు చివర్నుంచి కూడా కనిపించింది, ఎందుకంటే ఒక్కచోట నల్లగా ఉంది, ఒక్కచోట పేపర్ తెలుపు అలాగే వదిలేసి ఉంది. నా బొమ్మలన్నీ ఇంట్లో ఒళ్లో పెట్టుకుని చూస్తే ముద్దుగా ఉంటాయి, గోడ మీద పెడితే బూడిదరంగు ముక్కలు. ఐదేళ్ల రిజెక్టులు చెప్పని ముక్క ఆ వాన చెప్పింది. అప్పట్నుంచి బొమ్మ సగంలో ఉండగానే గోడకు ఆనించి వీధి గుమ్మం దాకా వెనక్కి నడిచి చూస్తాను. మా ఇంట్లో నవ్వుతారు. ఫోన్ కెమెరాలో నలుపు తెలుపు పెట్టి చూసినా వెలుగునీడల తేడా తెలిసిపోతుంది.

ఎగ్జిబిషన్లు లేని నెలలో రాజమండ్రి వెళ్లిరండి, మీకు దగ్గరే కదా. చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీ ఉంది. ఏ వేళల్లో తెరుస్తారో ముందు కనుక్కోండి. 1897లో పుట్టి 1925లో పోయాడాయన, నిండా ముప్పై ఏళ్లు లేవు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఈ కుర్రాడి చెయ్యి చూసి బాంబే జె.జె. ఆర్ట్ స్కూల్‌కు పంపించాడు. ఆయన గీతలు దగ్గర్నుంచి చూడండి. ఎక్కడ ఆపాడో చూడండి, ముఖ్యంగా ఆకాశాల దగ్గర.

పంపే పద్ధతి గురించి గబగబా రెండు మాటలు. ముందు ఫొటో అడిగే పోటీలైతే పొద్దున్న ఎనిమిది తొమ్మిది మధ్య వరండాలో, ఎండ నేరుగా పడనిచోట బొమ్మను నిలబెట్టి తీయండి. ఫోన్ సరిగ్గా బొమ్మ మధ్యకు ఎదురుగా ఉండాలి, పైనుంచి వంచి తీస్తే బోటు కాస్తా ట్రపీజియం అవుతుంది. ఫ్లాష్ వద్దు, ఫిల్టర్ అసలే వద్దు. మీరు నాకు పంపినవి వాట్సాప్‌లో మామూలు ఫొటోలుగా వచ్చాయి, దాంతో సైజు కుదించుకుపోయి మసకబారాయి. డాక్యుమెంట్‌గా పెడితే ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఏ3 సైజు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) కావాలని అడిగితే 3508 బై 4961 పిక్సెల్స్ అని అర్థం.

గాజు విషయానికొస్తే, కొరియర్‌లో పంపేటప్పుడు గాజు బదులు యాక్రిలిక్ షీటు వేయొచ్చా అని నిర్వాహకులను అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. గాజే కావాలంటే పైన మాస్కింగ్ టేపును అటూ ఇటూ ఇంటూ గుర్తులా అంటించండి. పగిలినా పెంకులు టేపుకు అతుక్కుని ఉండిపోతాయి, జారి బొమ్మను గీకవు. మూలలకు అట్టముక్కలు కట్టండి. మీది సముద్రపు గాలి ఊరు, పేపర్ గాజుకు నేరుగా తగిలితే చెమ్మకు బూజు మచ్చలు వస్తాయి. మధ్యలో మౌంట్ అట్ట (బొమ్మ కనిపించేలా కిటికీలా కోసిన అట్ట) ఉండాల్సిందే.

ఆఫీసులో ‘ప్రైజ్ వచ్చిందా’ అనేవాళ్ల సంగతి. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. బొమ్మ గురించి ఏం అడగాలో తెలియక అది అడుగుతారు, అంతే. ‘ఎక్కడికి వెళ్లి వేశారు, ఆ బోటు ఎవరిది’ అని అడగాలని ఎవరికి తడుతుంది చెప్పండి? ఈసారి అడిగితే ఫోన్ తీసి బోటు బొమ్మ చూపించండి. వంతెన మీదుగా రోజూ ఆఫీసుకొచ్చే మనిషి ఒక్కరైనా ఉంటారు, ఆ బోటును గుర్తుపడతారు.

చివరగా ఆ గీత. ఫొటోలో చూస్తే అడుగు అంచుకు అరంగుళం పైన, నీళ్ల మీద అడ్డంగా పడింది. బొమ్మను కోయొద్దు, దిద్దొద్దు, ముఖ్యంగా దానిమీద మళ్లీ నీళ్లు పెట్టొద్దు. ఫ్రేముల షాపుకు తీసుకెళ్లి మౌంట్ కిటికీని కిందనుంచి ముప్పావు అంగుళం పైకి కట్ చేయమనండి. గీత అట్ట కిందకు పోతుంది. పైనుంచి కూడా రెండంగుళాలు తగ్గించమనండి. బొమ్మలో ఆకాశం తక్కువైతే దానికి మేలే.